సౌందర్య విమానం గురించి మా హాస్టల్లో నడిచిన మాట

పోస్టు పొడుగైంది. తీరిక చూసుకుని చదవండి. చదివాక మీ తండాలోనో గూడెంలోనో పెద్దవాళ్ళకి చదివి వినిపిస్తే ఇంకా సంతోషం.

ఏప్రిల్ 17 వచ్చిందంటే మా హాస్టల్లో సగం ఫోన్లలో సౌందర్య ఫోటో స్టేటస్‌గా కనపడుద్ది. ఆమె చనిపోయేనాటికి మేం పుట్టనే లేదు. అయినా ఆమె మాకు కొత్త కాదు. తండా మొత్తానికి ఒకటో రెండో టీవీలున్న రోజుల్లో మా యాడి వాళ్ళు చాపలేసుకుని కూర్చుని 'అమ్మోరు' చూసినోళ్ళు. నిండుగా చీర కట్టుకుని మన ఇంటి ఆడపిల్లలాగా ఉండేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట అయ్యాక ఇంకో మాట కూడా వచ్చుద్ది. "ఏం చేస్తాం, నుదుటన అట్టా రాసుంది. అయినా ఆ గాల్లో పోయే బతుకు మనకెందుకులే."

ఈ రెండో మాట గురించే ఈ పోస్టు.

మేం నరసరావుపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మాది మాచర్ల, దుర్గి, వెల్దుర్తి వైపు తండాలు. మాతో ఒక చెంచు తమ్ముడు కూడా ఉన్నాడు. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా వరసలో ఒక చెల్లెలు ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. పైలట్ అవుతానని అడిగింది. ఇంట్లో వాళ్ళు కొట్టలేదు, తిట్టలేదు. సౌందర్య పేరు ఒక్కటి చెప్పి ఆ మాటని అక్కడే ఆపేశారు. ఆ పిల్ల మాకు ఫోన్ చేసి, "అన్నా, అసలు ఆ విమానం ఎందుకు పడిందో మీకన్నా తెలుసా?" అని అడిగింది. దాని కోసం కూర్చుని చదివాం. చదివింది ఇక్కడ రాస్తున్నాం.

ముందు జరిగింది చెప్తాం. 2004లో ఎన్నికలు నడుస్తున్నాయి. సౌందర్య ఆ మధ్యే బీజేపీలో చేరారు. కరీంనగర్‌లో ప్రచారం చేయడానికి ఏప్రిల్ 17 శనివారం ఉదయం బెంగళూరు శివారులో ఉన్న జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ నుంచి బయల్దేరారు. విమానం పేరు సెస్నా 180. ముందు ఒకే ఇంజిన్, నాలుగు సీట్లు, తోక కింద చిన్న చక్రం. మనం టీవీలో చూసే పెద్ద విమానాలతో పోలిస్తే ఇది మోటార్ సైకిల్ లాంటిది. అందులో సౌందర్య, ఆమె అన్న అమరనాథ్, ఒక పార్టీ కార్యకర్త, పైలట్ ఉన్నారు. పదకొండు దాటిన కాసేపటికే నేల విడిచింది. వంద, నూటయాభై అడుగుల ఎత్తు లేచిందో లేదో, పక్కనే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో పడిపోయింది. అక్కడ పనిచేసే వాళ్ళు కాపాడదామని పరిగెత్తారు. అంతలోనే మంటలు అంటుకున్నాయి. నలుగురూ చనిపోయారు. పడే ముందు విమానం అటూ ఇటూ ఊగిందని, ముందుగా పరిగెత్తిన వాళ్ళలో ఒకరు చెప్పారు.

చూడండి, కరీంనగర్ ఎంత దూరం! ఆ విమానం జక్కూరు పొలిమేర కూడా సరిగ్గా దాటలేదు. లేచిన నిమిషంలోనే అయిపోయింది. లేవడం దగ్గరే ఎందుకు పడిపోయింది అనేది మాకు పట్టుకున్న ప్రశ్న.

మా దగ్గర ఫిజిక్స్ పుస్తకం ఉంది, ఫోన్ ఉంది. పైలట్లకి మొదటి నెలల్లో నేర్పే పాఠాలు వెతికి చదివాం. అందులో మాకు అర్థమైన సంగతి ఇది. విమానానికి ఎత్తు, వేగం రెండూ చేతిలో డబ్బు లాంటివి. ఇంజిన్ ఆగిపోతే విమానం రాయిలాగా కింద పడదు. ముక్కు కొంచెం దించితే గాలిలో జారుకుంటా పోద్ది. ఐదారు వేల అడుగుల ఎత్తులో ఉంటే పైలట్‌కి నిమిషాలు దొరుకుతాయి. మళ్ళీ స్టార్ట్ చేసి చూడొచ్చు, మంచి చేను ఒకటి వెతుక్కోవచ్చు. లేచేటప్పుడు మాత్రం చేతిలో ఎత్తు ఉండదు, వేగం కూడా అప్పుడప్పుడే కూడుతుంటది. పైగా ట్యాంకులో పెట్రోలు నిండా ఉంటది, ఇంజిన్ పూర్తి బలంతో తిరుగుతుంటది. నూటయాభై అడుగుల నుంచి నేల చేరడానికి పట్టేది పది, పదిహేను సెకన్లు. ఆ కాసేపట్లోనే ఏం జరిగిందో తెలుసుకోవాలి, ఏం చేయాలో తేల్చుకోవాలి, చేసేయాలి.

రెండోది స్టాల్ అనే మాట. బండి స్టాల్ అయింది అంటే మనం ఇంజిన్ ఆగిందనుకుంటాం. విమానంలో దాని అర్థం వేరు. రెక్క గాలిని ఒక కోణంలో కోసుకుంటా పోతే పైకి లేపే బలం వస్తది. ముక్కు మరీ ఎత్తేస్తే, అంటే రెక్క గాలికి సుమారు 15 డిగ్రీలు దాటి ఎదురు నిలబడితే, పైన పారే గాలి రెక్కని వదిలేసుద్ది. లేపే బలం ఒక్కసారిగా పడిపోద్ది. ఇంజిన్ బాగా తిరుగుతున్నా కూడా ఇది జరగొచ్చు. ఒక రెక్క ముందు పట్టు వదిలితే విమానం ఆ పక్కకి ఒరుగుద్ది. ఎత్తు ఉంటే ముక్కు దించి, వేగం తెచ్చుకుని, మళ్ళీ నిలబెట్టొచ్చు. దానికి కొన్ని వందల అడుగులు కావాలి. నూటయాభై అడుగుల్లో ఆ చోటు ఉండదు.

మూడోది తిరగడం. ఇంజిన్ తేడా చేసింది అనగానే ఏ మనిషికైనా వెనక ఉన్న రన్‌వే మీదికే ప్రాణం లాగుద్ది. తిరిగిపోదాం అనిపిస్తది. కానీ విమానం తిరగాలంటే పక్కకి వాలాలి. వాలితే బరువు మోయడానికి రెక్కకి ఇంకా ఎక్కువ వేగం కావాలి. ఉదాహరణకి, నేరుగా పోతే గంటకి 90 కిలోమీటర్ల దగ్గర పట్టు తప్పే విమానం అనుకుందాం. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వాలి తిరిగితే 107 దగ్గరే పట్టు తప్పుద్ది. 60 డిగ్రీలు వాలితే 127 దగ్గర. అంటే వేగం తక్కువున్న సమయంలోనే ఎక్కువ వేగం అడిగే పని చేస్తున్నామన్న మాట. పైగా 180 డిగ్రీలు తిరిగితే రన్‌వేకి ఎదురుగా రాం, దాని పక్కన ఉంటాం. ఇంకొంచెం తిరిగి మళ్ళీ సరిచేసుకోవాలి. అందుకే ప్రపంచం మొత్తం మీద పైలట్లకి మొదటి రోజుల్లోనే ఒక సూత్రం చెప్తారు: తక్కువ ఎత్తులో ఇంజిన్ పోతే వెనక్కి తిరగొద్దు, ముక్కు దించు, ఎదురుగా ఉన్న దాంట్లో మంచి చోటు చూసి దించు. చేను పాడైనా, విమానం విరిగినా, మనిషి బతికే అవకాశం ఉంటది. తగిలే వేగం సగానికి తగ్గితే దెబ్బలో ఉండే శక్తి నాలుగో వంతు అయిద్ది. ఇది మన బడిలో చదివిన లెక్కే.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో ఒక పెద్ద విమానం లేచిన కాసేపటికే పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ బలం పోగొట్టుకుంది. పైలట్ సల్లెన్‌బర్గర్ ఎయిర్‌పోర్ట్ చేరలేమని తేల్చుకుని హడ్సన్ నదిలో దించాడు. 155 మందీ బతికారు. అది చిన్న విమానం కాకపోయినా పాఠం అదే.

నాలుగోది ఎండ. ఎండాకాలం మధ్యాహ్నం మన పల్నాడులో గాలి ఎట్టా ఉంటదో మనకి తెలుసు. వేడి గాలి పలచన. పలచని గాలిలో రెక్కకి పట్టు తక్కువ, ముందు తిరిగే ఫ్యాన్‌కి పట్టు తక్కువ, ఇంజిన్‌కి ఊపిరి తక్కువ. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో ఎండ 30 డిగ్రీలుంటే, విమానం దృష్టిలో అది 5,500 అడుగుల కొండ మీద ఉన్నట్టే లెక్క. లేవడానికి ఎక్కువ దూరం పరిగెత్తాలి, లేచాక నెమ్మదిగా ఎక్కుద్ది. దీనికి బరువు కూడా కలుస్తది. చిన్న విమానంలో నాలుగు సీట్లున్నాయంటే, ట్యాంకు నిండా పోసి నలుగురు పెద్దోళ్ళు సామానుతో ఎక్కొచ్చని కాదు. మనుషులు, సామాను, పెట్రోలు అన్నీ కిలోల్లో కూడి, ఆ బరువు ముందు ఎంత ఉంది, వెనక ఎంత ఉంది అని కూడా చూసి కాగితం మీద రాసుకోవాలి. బరువు వెనక్కి ఎక్కువైతే ముక్కు తనంతట తనే లేస్తది. అది స్టాల్‌కి దారి.

సౌందర్య ఎక్కిన విమానానికి వీటిలో ఇదే జరిగింది అని మేం తీర్పు చెప్పట్లేదు. టేకాఫ్‌లో పడిపోయే చిన్న విమానాలన్నిటికీ చూసే లెక్కలు ఇవి. ఈ లెక్కలు చదివాక మాకు ఒకటి అనిపించింది. ఇందులో నుదుటి రాత అని రాసుకోవడానికి ఎక్కడా గడి లేదు. గాలి, బరువు, వేగం, ఎత్తు, మనిషి నిర్ణయం, మరమ్మతు, ఇవే ఉన్నాయి. అన్నీ ముందే చూసుకోదగ్గవి.

అయినా కారణం చెప్పకపోతే జనం ఊరుకోరు, ఏదో ఒక కథ అల్లుతారు. ఆ ప్రమాదం మీద ఇరవై ఏళ్ళ తర్వాత కూడా కథలు ఆగలేదు. 2025 మార్చిలో ఎవరో అది ప్రమాదం కాదని, వెనక ఆస్తి గొడవ ఉందని ఫిర్యాదు ఇస్తే, సౌందర్య భర్త రఘు గారే అందులో నిజం లేదని చెప్పాల్సొచ్చింది. భార్యను పోగొట్టుకున్న మనిషికి అన్నేళ్ళ తర్వాత కూడా అదొక పని!

ఇట్టాంటిదే మా పక్కనా జరిగింది. మాచర్ల నుంచి ఎత్తిపోతల మీదుగా సాగర్ పోయే దారిలో విజయపురి సౌత్ ఉంది కదా, అక్కడ చిన్న రన్‌వే ఉంది. ఫ్లైటెక్ ఏవియేషన్ అకాడమీ వాళ్ళు అక్కడ పైలట్ శిక్షణ ఇచ్చేవాళ్ళు. ఆ వైపు తండాల్లో పెరిగిన పిల్లలకి రెండు సీట్ల తెల్ల విమానం తల మీద తిరగడం మామూలు. చేలో పని ఆపి చెయ్యి ఊపిన వాళ్ళం మేం. 2022 ఫిబ్రవరి 26, అదీ శనివారమే, శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి అక్కడి నుంచి సెస్నా 152లో ఒంటరిగా లేచింది. కృష్ణ దాటి, నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో పడిపోయింది. ఆ అమ్మాయి చనిపోయింది. ఇది టేకాఫ్‌లో జరిగింది కాదు, దారిలో జరిగింది. చేలో ఉన్న రైతులు పెద్ద చప్పుడు విని, పొగ చూసి పరిగెత్తారు.

ఆ రోజు ఫోన్లలో వచ్చింది గుర్తుందా? మొదట హెలికాప్టర్ కూలింది అన్నారు. ఇద్దరు చనిపోయారు అన్నారు. సాయంత్రానికి అది హెలికాప్టర్ కాదు, ఇద్దరు కాదు అని తేలింది. ఈలోపు మా తండాల్లో ఆ వార్త మొదటి రూపంలోనే పాతుకుపోయింది. ఇప్పటికీ "అప్పుడు హెలికాప్టర్ పడింది చూడు" అనే వాళ్ళున్నారు. అప్పటికి మనది గుంటూరు జిల్లానే, పల్నాడు జిల్లా ఆ తర్వాత ఏప్రిల్ 4న వచ్చింది. మా చెల్లెలికి ఇంట్లో చెప్పే రెండో ఉదాహరణ ఇదే. సౌందర్య ఒకటి, ఈ అమ్మాయి ఒకటి.

విమానం పడితే తర్వాత ఏం చేస్తారో కూడా చదివాం. మన దేశంలో 2012 నుంచి దీనికోసం విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో అని విడిగా ఉంది. అంతకు ముందు డీజీసీఏ చూసేది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం ప్రకారం ఈ దర్యాప్తు ఎవరిది తప్పు అని శిక్ష వేయడానికి కాదు. మళ్ళీ జరగకుండా చూడటం ఒక్కటే దాని పని. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం లేచిన వెంటనే మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడింది. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. మధ్యాహ్నం మెస్‌లో భోజనాల వేళ. ఆ ఫోటోల్లో స్టీలు ప్లేట్లు టేబుళ్ళ మీద అట్టే ఉన్నాయి. మా మెస్‌లో మేం ఆ పూట సరిగా తినలేకపోయాం. సరిగ్గా నెలకి, జులై 12న, మొదటి నివేదిక బయటికి వచ్చింది. ఏ సెకనుకి ఏ స్విచ్ ఏ స్థితిలో ఉందో అందులో రాశారు. అంత పెద్ద దుఃఖంలో కూడా "ఎందుకు?" అని అడిగే పని ఆగలేదు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

2025 ఫిబ్రవరి 9న మన జిల్లాలోనే ముప్పాళ్ళ మండలం బొల్లవరం దగ్గర మిరపకోతల కూలీలున్న ట్రాక్టర్ తిరగబడి నలుగురు ఆడోళ్ళు చనిపోయారు. 2022 మే 29 రాత్రి రెంటచింతల దగ్గర, శ్రీశైలం పోయి వస్తున్న వాళ్ళతో ఉన్న టాటా ఏస్ ఆగిన లారీని గుద్దింది. సరుకు వేసుకునే ఆ చిన్న బండిలో ముప్పై మందికి పైగా ఉన్నారు. వీటి గురించి పేపర్లో రెండు రోజులు వస్తది. పరిహారం ప్రకటిస్తారు, డ్రైవర్ మీద కేసు పెడతారు. ఆ తర్వాత మన దగ్గర మిగిలేది మళ్ళీ అదే మాట, రాసుంది.

మేం మిరపకోతలకి పోయిన వాళ్ళమే. సెలవులిస్తే ఇప్పటికీ పోతాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తెల్లారకముందే ముఠాని ఎక్కించుకుని బండ్లు కదులుతాయి. ముగ్గురు నలుగురు ఎక్కాల్సిన ఆటోలో పదిహేను మంది ఉంటారు. ట్రాక్టర్ ట్రక్కు అంచుల మీద ఆడోళ్ళు కాళ్ళు బయటికి పెట్టి కూర్చుంటారు. పైన కూర్చుంటే బరువు పైకి పోద్ది. మలుపులో అందరూ ఒక పక్కకి ఒరిగితే బరువు ఆ పక్కకి పోద్ది. కాలవ గట్టు మెత్తగా ఉంటే చక్రం దిగుద్ది. విమానానికి కాగితం మీద రాసే బరువు లెక్క ఇదే లెక్క. తేడా ఏందంటే, అక్కడ లేచే ముందు రాస్తారు, ఇక్కడ ఎవరూ రాయరు.

మేం చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. రాసుంది అనే మాట మన చేత రెండు పనులు చేయిస్తోంది. ఏనాడూ ఎక్కని విమానాన్ని చూసి భయపడుతున్నాం. రోజూ ఎక్కే ట్రక్కుని చూసి భయపడట్లేదు. పైలట్ అవుతానన్న పిల్లని కూర్చోబెట్టాం. అదే పిల్లని సెలవుల్లో ట్రక్కు అంచు మీద ఎక్కించి కోతకి పంపాం. ఇది పెద్దోళ్ళని తప్పు పట్టడానికి అనట్లేదు. వాళ్ళకి ట్రక్కు తప్ప వేరే బండి ఎవరూ ఇవ్వలేదు. ఎక్కకపోతే ఆ రోజు కూలి లేదు. కానీ చదువుకున్న వాళ్ళం మనం కూడా అదే మాట అంటే ఇంక చదువెందుకు?

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక తండాలో మేస్త్రీతో మాట్లాడాం. "మామా, ఒక్క ట్రిప్పు కాదు, రెండు ట్రిప్పులు వేయించు. అంచు మీద ఎవర్నీ కూర్చోనీకు" అన్నాం. మేస్త్రీ నవ్వి, "డీజిల్ మీ నాయన పోస్తాడా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. డీజిల్ డబ్బులు రైతు ఇవ్వాలి, రైతుకి చెప్పేది ఎవరు? మూడు రోజులు రెండు ట్రిప్పులు తిరిగింది. నాలుగో రోజు మళ్ళీ ఒకటే. కానీ ఆడోళ్ళు అంచు మీద కూర్చోవడం మాత్రం మానేశారు. కింద గోతాలు పరుచుకుని కూర్చుంటున్నారు. జరిగింది అంతే, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాం.

చెల్లెలి సంగతి. తనకి ఈ లెక్కలన్నీ ఫోన్లో చెప్పాం. తర్వాత ఆ పిల్లే వాళ్ళ నాయనకి చెప్పుకుంది, 45 డిగ్రీలు, 60 డిగ్రీలు అని పళ్ళెం వంచి చూపించి. మన పక్కనే ఉన్న ఒడిశా మల్కన్‌గిరి నుంచి అనుప్రియ లక్రా అనే ఆదివాసీ అమ్మాయి 2019లో ఇండిగోలో కో-పైలట్ అయ్యింది. వాళ్ళ నాన్న పోలీసు శాఖలో చిన్న ఉద్యోగి. ఆ ఫోటో కూడా చూపించింది. కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, 18 ఏళ్ళు నిండాలి, మెడికల్ పాస్ కావాలి, 200 గంటలు నడపాలి. యూపీలో ఫుర్సత్‌గంజ్ దగ్గర కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది, ఎంట్రన్స్ రాయాలి, మనకి రిజర్వేషన్ ఉంది. ఫీజు మాత్రం లక్షల్లో. వాళ్ళ నాయన ఇంకా ఒప్పుకోలేదు. కానీ ఇప్పుడు "పడిపోతావు" అనట్లేదు, "అంత డబ్బు ఎక్కడ తేవాలి?" అంటున్నాడు. ఈ ప్రశ్నకైతే జవాబు వెతకొచ్చు.

అందుకే గ్రూపులో ఉన్న వాళ్ళని అడుగుతున్నాం. ఎస్టీ పిల్లలకి పైలట్ శిక్షణకి స్కాలర్‌షిప్ గానీ లోన్ గానీ తీసుకున్న వాళ్ళు మీకు తెలిస్తే, ఎట్టా తీసుకున్నారో చెప్పండి. అట్నే కోతల సీజన్‌లో మీ తండా నుంచి బండి కదిలే ముందు ఎంతమంది ఎక్కారో ఒకసారి లెక్కపెట్టి రాసిపెట్టుకోండి. తేదీ, బండి, మనుషులు, ఈ మూడు చాలు. పది తండాల లెక్క ఒకచోట చేరితే, కలెక్టర్ గారి ముందు పెట్టడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటది.